ల్యాబు సందేహాలు: ఊదా రావాల్సిన చోట గులాబీ

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా స్టెయినింగ్ (మైక్రోస్కోపులో కనిపించేలా బ్యాక్టీరియాకు రంగు పట్టించడం) గురించే. ఒకే ఇబ్బందిని నలుగురైదుగురు రాసినచోట ఒకే ప్రశ్నగా కలిపాం. పేర్లు వేయొద్దన్నవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు, పేట పేరుతో సరిపెట్టాం.

ప్రశ్న: మేడం గారూ, నేను బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. గ్రామ్ స్టెయిన్ వేస్తే ఒకరోజు స్టెఫైలోకాకస్ గులాబీగా వస్తోంది, ఇంకోరోజు ఈ.కోలై కూడా ఊదాగా వస్తోంది. రంగులు పాతబడ్డాయని మా బ్యాచ్ అంతా అంటున్నారు. ప్రాక్టికల్ పరీక్ష నెలలో ఉంది. తప్పెక్కడో చెప్పండి.
– విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రంగు సీసాను చిట్టచివర అనుమానించమ్మా. సరిగ్గా వేస్తే స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్‌లు ఊదాగా, ఈ.కోలై లాంటి గ్రామ్ నెగెటివ్‌లు గులాబీగా రావాలి. అదే సీసాతో ఒకరోజు అటు, ఒకరోజు ఇటు తప్పుతోందంటే తేడా చేతిలో ఉంది.

తప్పు ఎటువైపు ఉందో తెలియాలంటే స్లైడ్ మీద మూడు చోట్ల స్మియర్ (బ్యాక్టీరియా పలచటి పూత) వేయాలి. ఎడమ కొసన తెలిసిన స్టెఫైలోకాకస్ ఆరియస్, కుడి కొసన తెలిసిన ఈ.కోలై, మధ్యలో నీ శాంపిల్. ల్యాబుల్లో సాధారణంగా వాడేవి ఏటీసీసీ (ప్రామాణిక బ్యాక్టీరియా నిల్వ కేంద్రం) 25923 స్టెఫైలోకాకస్, ఏటీసీసీ 25922 ఈ.కోలై. కాలేజీలో నమ్మకమైన కల్చర్ (పెంచిన బ్యాక్టీరియా) ఏదున్నా పర్వాలేదు. రెండు కొసలూ గులాబీ అయితే రంగు ఎక్కువ తీసేశావు. రెండూ ఊదా అయితే తక్కువ తీశావు. రెండు కొసలూ సరిగ్గా ఉండి మధ్యది మాత్రమే వింతగా ఉంటే నీ స్టెయినింగ్‌లో తప్పులేదు, ఆ కల్చర్‌నే అనుమానించాలి. వేరు వేరు స్లైడ్ల మీద కంట్రోల్ వేస్తే ఈ లాభం ఉండదు. ఒక స్లైడ్ మీద ఆల్కహాల్ ఎనిమిది సెకన్లు, ఇంకోదాని మీద పదహారు పడితే పోల్చడానికి ఏముంటుంది?

ఇక వరుస. స్మియర్ గాలికి పూర్తిగా ఆరాక ఫిక్స్ చేయి, అంటే స్లైడ్‌కు అంటుకుపోయేలా చేయి. క్రిస్టల్ వయొలెట్ 1 నిమిషం, నీళ్లు. గ్రామ్స్ అయోడిన్ 1 నిమిషం, నీళ్లు. 95 శాతం ఆల్కహాల్ 10 నుంచి 15 సెకన్లు, వెంటనే నీళ్లు. సాఫ్రనిన్ 30 నుంచి 60 సెకన్లు, నీళ్లు, ఆరబెట్టడం. ఇది అందరికీ నోటికి వచ్చిందే. తప్పు జరిగేది మాత్రం ఎప్పుడూ ఆ మూడో మెట్టు దగ్గరే.

ఆల్కహాల్ పోయడాన్ని గడియారం చూసి చేయకూడదు, స్లైడ్ చూసి చేయాలి. అయోడిన్ కడిగాక స్లైడ్ మీద నిలిచిన నీటిని వంచి పోనివ్వు. నీళ్లు మిగిలితే ఆల్కహాల్ ఒకచోట పలచబడి ఒకచోట చిక్కగా ఉండి, రంగు మచ్చలు మచ్చలుగా పోతుంది. తర్వాత స్లైడ్‌ను సింకు మీద ఏటవాలుగా పట్టుకుని పై అంచు నుంచి చుక్కలు చుక్కలుగా ఆల్కహాల్ వదులు. మొదట సిరా ఒలికినట్టు చిక్కటి ఊదా ధార దిగుతుంది. నాలుగైదు సెకన్లకు అది పలచబడి లేత వంకాయ రంగుకు వస్తుంది. కింది అంచు నుంచి జారే చుక్క తెల్లగా (రంగు లేకుండా) కనిపించిన క్షణంలోనే నీళ్లు పట్టాలి. స్మియర్‌లో ఒక మూల గడ్డలా మందంగా ఉంటే అక్కడి నుంచి రంగు ఇంకా కారుతూనే ఉంటుంది. అది తెల్లబడేదాకా ఆగితే పలచటి భాగంలోని స్టెఫైలోకాకస్ కూడా ఊదాను వదిలేస్తుంది. పలచటి భాగాన్నే లెక్కలోకి తీసుకో. మైక్రోస్కోపు కింద కూడా చూడాల్సింది ఆ భాగమే.

కాలేజీలో ఎసిటోన్, ఆల్కహాల్ సగం సగం కలిపినది ఇస్తున్నారేమో అడుగు. అది ఒట్టి ఆల్కహాల్ కంటే త్వరగా రంగు తీస్తుంది. శుద్ధ ఎసిటోన్ అయితే రెండు మూడు సెకన్లలోనే పని ముగుస్తుంది. పుస్తకంలోని 15 సెకన్లు ఎసిటోన్ మీద పెడితే ప్రపంచంలో గ్రామ్ పాజిటివ్ అనేదే మిగలదు.

స్మియర్ మందం రెండో దోషి. ప్లేటు నుంచి తీసేటప్పుడు లూప్ (కొసన చుట్టున్న తీగ) నిండా తోడకు. చుక్క నీటిలో సూది మొన తగిలించినంత కల్చర్ చాలు. ఆరాక స్మియర్ పలచటి పాలపొరలా ఉండాలి, సున్నం పూసినట్టు కాదు. ఫిక్స్ చేసేటప్పుడు స్లైడ్‌ను మంట మీదుగా రెండు మూడుసార్లు చకచకా దాటించు. వెనుకవైపు అరచేతి వెనక ఆనిస్తే వేడి తెలియాలి, చురుక్కుమనకూడదు. మాడిస్తే కణాల గోడలు పగిలి గ్రామ్ పాజిటివ్‌లు గులాబీ అవుతాయి. మంట మీద నమ్మకం లేకపోతే మిథనాల్ రెండు నిమిషాలు వేసి గాలికి ఆరబెట్టు. కణాల ఆకారం కూడా చక్కగా నిలుస్తుంది.

మూడోది కల్చర్ వయసు. 18 నుంచి 24 గంటల కల్చర్ తీసుకో. శుక్రవారం వేసిన ప్లేటు సోమవారం తీస్తే గోడలు బలహీనపడిన కణాలు రంగు వదిలేస్తాయి. ముఖ్యంగా బాసిల్లస్, క్లాస్ట్రీడియం జాతులు ఇలా మోసం చేస్తాయి. యాంటీబయాటిక్ వాడిన రోగి చీములోనూ ఇదే గొడవ. దీనికి ఎదురుగా ఎసినిటోబ్యాక్టర్ ఉంది. అది గ్రామ్ నెగెటివ్ అయినా ఊదాను అంత సులభంగా వదలదు, పైగా గుండ్రంగా ఉండి కాకస్‌లా కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో లూప్‌తో కల్చర్ కలిపి అర నిమిషం నుంచి నిమిషం తిప్పి, లూప్ పైకెత్తి చూడు. జిగట తీగ సాగితే గ్రామ్ నెగెటివ్.

చివరికి సీసా దగ్గరికి వస్తే, చూడాల్సింది క్రిస్టల్ వయొలెట్‌ను కాదు, అయోడిన్‌ను. అది పాలు పోయని టీ డికాక్షన్ రంగులో ఉండాలి. లేత పసుపు పచ్చగా మారితే పారబోయాలి. ఊదా రంగును కణం లోపల పెద్ద ముద్దగా కట్టిపడేసేది అయోడినే. అది బలహీనమైతే ఆల్కహాల్ పట్టగానే ఊదా అంతా జారిపోతుంది. 1884లో బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన పద్ధతిలో ముఖ్యమైన మలుపు కూడా ఈ అయోడినే. సాఫ్రనిన్ తర్వాతి కాలంలో వచ్చి చేరింది.

చీము స్మియర్ చూసేటప్పుడు ఇంకో సులువు. తెల్లరక్తకణాల కేంద్రకాలు గులాబీగా ఉన్నాయా చూడు. అవి ఊదాగా ఉంటే రంగు సరిగ్గా పోలేదని స్లైడే చెబుతున్నట్టు. అక్కడ కనిపించే ఊదా కాకస్‌లను రిపోర్టులో రాయకు.

ప్రశ్న: 95 శాతం ఆల్కహాల్ దొరకడం కష్టంగా ఉంది. హ్యాండ్ శానిటైజర్‌తో డీకలరైజ్ చేయొచ్చా (రంగు తీయొచ్చా)? సర్జికల్ స్పిరిట్?
– టెక్నీషియన్, ఉప్పల్

జవాబు: శానిటైజర్ వద్దు. అందులో గ్లిజరిన్, ఎక్కువ నీళ్లు, కొన్నింట్లో సువాసన ద్రవ్యాలు ఉంటాయి. ఆరాక స్లైడ్ మీద జిడ్డు పొర మిగులుతుంది. స్పిరిట్ సీసాల్లో చాలావాటిలో ఉండేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అది రంగును నెమ్మదిగా తీస్తుంది. తప్పనిసరైతే కంట్రోల్ స్లైడ్ మీద సమయం సరిచూసుకుని ఆ సమయాన్నే సీసా మీద రాసి పెట్టుకోండి. గోళ్లరంగు తుడిచే ద్రావణం మాత్రం ఎసిటోన్ వాసన వస్తోందని వాడకండి, అందులో నూనెలు కలుపుతారు.

ప్రశ్న: వానాకాలం వచ్చిందంటే మా ల్యాబులో స్మియర్లు నీళ్లు పట్టగానే కొట్టుకుపోతున్నాయి. మంటలో గట్టిగా ఫిక్స్ చేసినా అంతే. స్లైడ్ల కంపెనీ మార్చాం, ఫలితం లేదు.
– చిన్న డయాగ్నస్టిక్ ల్యాబు నుంచి, మలక్‌పేట

జవాబు: వానాకాలంలోనే ఎక్కువవుతోందని మీరే రాశారు కాబట్టి ఆరడం దగ్గర మొదలుపెడదాం. గాలిలో తేమ ఎక్కువున్న రోజు పైకి ఆరినట్టు కనిపించే స్మియర్ అడుగున తడిగానే ఉంటుంది. దాన్ని మంట మీద పెడితే ఫిక్స్ అవ్వదు, ఉడుకుతుంది. ఉడికిన పొర నీటి ధారకు అట్టులా లేచి వస్తుంది. స్లైడ్‌ను లైటు కింద పక్కకు వంచి చూడండి. తడి మెరుపు ఎక్కడా కనిపించకూడదు. స్లైడ్ వార్మర్ ఉంటే మంచిదే. లేకపోతే 37 డిగ్రీల ఇంక్యుబేటర్ మీద పది నిమిషాలు పెట్టినా చాలు.

తొందరపడి ఫ్యాన్ కింద మాత్రం పెట్టకండి. ధూళితో పాటు పక్క స్లైడ్ల తుంపరలు కూడా వచ్చి పడతాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రోజుల్లో, అంత ఉక్కలో కూడా కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా ఊపనివ్వలేదట. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయని కూడా ఆయనే రాసుకున్నాడు. మన ల్యాబుల్లో ఫ్యాన్ కట్టేయమంటే మాత్రం ఎవరూ వినరు.

ఇంకో కారణం స్లైడ్ మీది జిడ్డు. కొత్త పెట్టె తెరవగానే శుభ్రంగా ఉన్నట్టే కనిపిస్తాయి కానీ పలచటి నూనె పొర ఉంటుంది. ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. పూసలా గుండ్రంగా నిలిస్తే జిడ్డుందని, చదునుగా పరుచుకుంటే బాగుందని. జిడ్డుంటే ఆల్కహాల్‌లో నానబెట్టి, పీచు ఊడని బట్టతో తుడిచి, ఒకసారి మంట మీదుగా పోనివ్వండి. కంపెనీ మార్చడం కంటే ఇది చవక.

నీటి ధారను నేరుగా స్మియర్ మీద పట్టడం చాలా ల్యాబుల్లో చూసే అలవాటు. స్లైడ్ పైఅంచున పట్టి నీళ్లు వాటంతటవే స్మియర్ మీదుగా జారేలా చేయాలి. వెన్నుద్రవంలాంటి పలచటి శాంపిల్ అయితే సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగు మడ్డిని ఒక చుక్క వేసి ఆరాక అదే చోట ఇంకో చుక్క వేయాలి. ఇలా మూడు నాలుగు పొరలు పడితే నిలుస్తుంది.

ప్రశ్న: గ్రామ్ స్టెయిన్ స్లైడ్ల మీద ముదురు ఊదా రంగు గింజలు, సూదుల్లాంటివి కనిపిస్తున్నాయి. కాకస్‌లా భ్రమ కలిగిస్తున్నాయి. రంగు మేమే తయారు చేసుకుంటాం, కొలతలు కూడా ఇవ్వగలరు.
– సీనియర్ టెక్నీషియన్, కూకట్‌పల్లి

జవాబు: అవి క్రిస్టల్ వయొలెట్ అడుగుకు దిగిన మడ్డి. ఫోకస్ కొంచెం పైకి తిప్పితే బ్యాక్టీరియా మసకబారి ఈ గింజలు మెరుస్తాయి, అదే తేడా. రంగు స్లైడ్ మీద ఆరిపోనిచ్చినా ఇవి వస్తాయి.

కొలతలు ఇవి. 2 గ్రా. క్రిస్టల్ వయొలెట్‌ను 20 మి.లీ. 95 శాతం ఆల్కహాల్‌లో కరిగించండి. వేరుగా 0.8 గ్రా. అమ్మోనియం ఆక్సలేట్‌ను 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. రెండూ కలిపి 24 గంటలు ఉంచి, వాట్‌మన్ నంబర్ 1 కాగితంలో వడగట్టండి. ఆ 24 గంటలు ఆగకుండా వడగట్టి వాడేవారికే మర్నాడు గింజలు తేలతాయి. తర్వాత కూడా పది పదిహేను రోజులకోసారి వడగట్టడం మంచిది. అయోడిన్‌కు 1 గ్రా. అయోడిన్, 2 గ్రా. పొటాషియం అయోడైడ్ తీసుకుని, రోట్లో కొద్ది నీటితో నూరి, తర్వాత 300 మి.లీ. దాకా నీళ్లు కలపండి. 300 మి.లీ. నీటిలో అయోడిన్ రాళ్లు ఒకేసారి వేస్తే గంటలు తిప్పినా కరగవు. గోధుమరంగు సీసాలో పోయండి. సాఫ్రనిన్‌కు 2.5 గ్రా. పొడిని 100 మి.లీ. 95 శాతం ఆల్కహాల్‌లో కరిగించి ఉంచుకుని, వాడేటప్పుడు అందులో 10 మి.లీ.కి 90 మి.లీ. నీళ్లు చేర్చండి.

డ్రాపర్ బాటిళ్లను కడగకుండా ఖాళీ అయిన కొద్దీ పైనుంచి నింపే పద్ధతి మానండి. పాత మడ్డి కొత్త రంగును కూడా పాడుచేస్తుంది. ఇంకో ప్రమాదం, నిలవ నీళ్లలో, నిలవ రంగుల్లో చనిపోయిన బ్యాక్టీరియా ఉండి స్లైడ్ మీదికొస్తాయి. రోగి శాంపిల్‌లో ఉన్నాయనుకుని రిపోర్టు ఇచ్చేస్తాం. ఖాళీ స్లైడ్ మీద ఒకసారి మొత్తం స్టెయిన్ వేసి చూస్తే ఆ సంగతి ఐదు నిమిషాల్లో తేలుతుంది.

ప్రశ్న: మేం తెమడ పరీక్షలు చేసే కేంద్రంలో పనిచేస్తున్నాం. గత వారం ఒకేరోజు నాలుగు స్లైడ్లలో రెండు మూడేసి టీబీ బ్యాసిల్లై (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా) కనిపించాయి. స్కాంటీ (చాలా కొద్దిగా ఉన్నాయి) అని రాశాం. ఆ నాలుగు శాంపిళ్లూ టీబీ జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ మెషీన్‌లో నెగెటివ్ వచ్చాయి. పైవాళ్లు అడుగుతున్నారు. మా తప్పా, మెషీన్ తప్పా?
– ల్యాబ్ టెక్నీషియన్, మేడ్చల్

జవాబు: ఒక్క శాంపిల్ అయితే టీబీ కాని వేరే మైకోబ్యాక్టీరియా అయి ఉండొచ్చు అనుకునేవాళ్లం. ఒకేరోజు, ఒకే బ్యాచ్‌లో, నాలుగూ స్కాంటీ అంటే ముందు స్టెయినింగ్ బల్లనే అనుమానించాలి. ఆ స్లైడ్లు పారేయకండి. మళ్లీ చూడటానికి, తనిఖీకి అవే ఆధారం. పైవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి కొత్త శాంపిళ్లు తెప్పించండి.

బ్యాసిల్లై ఒక స్లైడ్ నుంచి ఇంకోదానికి వెళ్లే దారులు మనకు తెలిసినవే. స్లైడ్లన్నీ ఒకే జార్‌లో ముంచి రంగు వేయడం, స్లైడ్లు ఒకదానికొకటి ఆనుకునేలా రాక్ మీద పేర్చడం, ఒకే బ్లాటింగ్ పేపర్‌తో అన్నీ అద్దడం, ఆయిల్ డ్రాపర్ కొస స్మియర్‌కు తగలడం, పాజిటివ్ స్లైడ్ చూశాక లెన్స్ తుడవకుండా తర్వాతిది పెట్టడం, పాత స్లైడ్లు కడిగి మళ్లీ వాడటం. మీ పనిలో వీటిలో ఏవి ఉన్నాయో మీకే తెలుసు. ఆయిల్ చుక్కను పైనుంచి పడనివ్వాలి, డ్రాపర్ గాజుకు తగలకూడదు.

వీటన్నిటికంటే ఎవరి దృష్టికీ రానిది నీళ్లు. ట్యాంకుల్లో, కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టాల లోపలి పాకులో పరిసరాల్లోని మైకోబ్యాక్టీరియా పెరుగుతాయి. అవీ యాసిడ్‌ను తట్టుకుంటాయి, అవీ ఎర్రగానే వస్తాయి. సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు, అక్కడి నుంచి సింకు గొట్టానికి వచ్చే నీళ్లతో స్లైడ్లు కడిగే కేంద్రాలు మన ఊరిలో ఎన్నో. ఇవాళే చేయాల్సిన పని, కుళాయి నీళ్లు 50 మి.లీ. సెంట్రిఫ్యూజ్ చేసి అడుగుమడ్డితో స్మియర్ వేసి, జీల్-నీల్సన్ (టీబీ బ్యాసిల్లైకి వేసే ఎర్ర స్టెయిన్) వేసి చూడండి. ఎర్ర కడ్డీలు కనిపిస్తే దొంగ దొరికినట్టే. రబ్బరు గొట్టం తీసేయండి. ద్రావణాలు కలపడానికీ, కడగడానికీ డిస్టిల్డ్ వాటరే వాడండి.

ఇక పద్ధతి మరోసారి సరిచూసుకోండి. స్మియర్ సుమారు 2 సెం.మీ. వెడల్పు, 3 సెం.మీ. పొడవు. ఆరాక, స్టెయిన్ వేయకముందు, స్లైడ్‌ను దినపత్రికకు నాలుగైదు సెం.మీ. పైన పట్టుకుంటే అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. అక్షరాలు అసలే కనపడకపోతే మందం, మరీ స్పష్టంగా ఉంటే పలచన. 1 శాతం కార్బాల్ ఫుక్సిన్ నిండుగా పోసి కింద నుంచి వేడి చేయండి. ఆవిరి లేస్తే చాలు, ఉడకకూడదు, ఆరకూడదు. 5 నిమిషాలు అలాగే ఉంచి నీళ్లతో కడగండి. 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ 2 నుంచి 4 నిమిషాలు, కడగడం. 0.1 శాతం మిథిలీన్ బ్లూ 30 సెకన్లు. నీలం ఎక్కువసేపు ఉంచితే మందంగా పడిన చోట్ల సన్నటి ఎర్ర కడ్డీలు దాక్కుంటాయి.

రంగు ఆరిపోతే ఫుక్సిన్ స్ఫటికాలు ఏర్పడి బ్యాసిల్లై అనిపిస్తాయి. అసలైనవి సన్నగా, కొంచెం వంకరగా, కొన్నిచోట్ల పూసలు గుచ్చినట్టు ఉంటాయి, కణాలతో పాటు ఒకే ఫోకస్‌లో వస్తాయి. స్ఫటికాలు ముదురుగా, మొనలతో, వేరే ఫోకస్‌లో ఉంటాయి. స్లైడ్ మీద గీతలు కూడా రంగు పట్టి మోసం చేస్తాయి.

కార్బాల్ ఫుక్సిన్ తయారు చేసేవారికి ఒక మాట. 500 మి.లీ.కి 5 గ్రా. బేసిక్ ఫుక్సిన్, 50 మి.లీ. ఆల్కహాల్, 25 గ్రా. ఫీనాల్. డబ్బా మీద రంగు శాతం 88 అని ఉంటే 5 గ్రాములు సరిపోవు, 5.68 గ్రాములు తూచాలి. ఈ సవరణ మరచిపోవడం వల్లే కొన్ని చోట్ల బ్యాసిల్లై పాలిపోయి నెగెటివ్‌లు పెరుగుతాయి. ఫీనాల్ సీసాలో గడ్డకట్టి ఉంటుంది. సీసాను వేడి నీళ్లలో ఉంచితే కరుగుతుంది, మంట మీద పెట్టొద్దు, చర్మానికి తగలనివ్వొద్దు. యాసిడ్‌కు 375 మి.లీ. నీళ్లలో 125 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను గోడ వెంట నెమ్మదిగా పోయండి. యాసిడ్ మీద నీళ్లు పోస్తే ముఖాన చిమ్ముతుంది.

చదివేటప్పుడు 100 ఫీల్డుల్లో (మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే వలయం ఒక ఫీల్డు) 1 నుంచి 9 ఉంటే స్కాంటీ, ఎన్ని కనిపించాయో ఆ అంకె తప్పక రాయాలి. 10 నుంచి 99 ఉంటే 1+. ఫీల్డుకు 1 నుంచి 10 ఉంటే 2+, ఇందుకు 50 ఫీల్డులు చాలు. ఫీల్డుకు 10 కంటే ఎక్కువుంటే 3+, 20 ఫీల్డులు చాలు. ప్రతి బ్యాచ్‌తో ఒక తెలిసిన పాజిటివ్, ఒక తెలిసిన నెగెటివ్ స్లైడ్ వేసి ఉంటే ఆ నాలుగు రిపోర్టులు బయటికి వెళ్లేవే కావు. ఆ నెగెటివ్ స్లైడ్‌లోనే ఎర్ర కడ్డీ కనిపించేది.

కుష్ఠు స్లైడ్లు కూడా చూసేవారు గుర్తుంచుకోండి, లెప్రే బ్యాసిల్లై యాసిడ్‌ను అంతగా తట్టుకోవు. వాటికి 25 శాతం వాడితే ఉన్నవి కూడా నీలం అయిపోతాయి, 5 శాతం చాలు.

ప్రశ్న: ఆహార పరిశ్రమలో క్యూసీ (నాణ్యత పరీక్షలు) చేస్తాం. బాసిల్లస్ కల్చర్‌కు స్పోర్ (బీజం) స్టెయిన్ వేస్తే మొత్తం ఎర్రగా వస్తోంది. ఒక్క ఆకుపచ్చ చుక్క కూడా లేదు. 24 గంటల కల్చర్ వాడుతున్నాం.
– నాచారం

జవాబు: 24 గంటలకు బీజాలు ఇంకా ఏర్పడి ఉండవు. గ్రామ్ స్టెయిన్‌కు లేత కల్చర్ కావాలి, దీనికి ముదిరింది కావాలి. న్యూట్రియెంట్ అగర్ మీద 48 నుంచి 72 గంటలు పెంచండి. లీటరు మీడియాకు 10 మి.గ్రా. మాంగనీస్ సల్ఫేట్ వేస్తే బీజాలు బాగా వస్తాయి. వేసే ముందు మామూలు గ్రామ్ స్లైడ్ చూడండి. కడ్డీల మధ్య రంగు పట్టని ఖాళీ బొడిపెలు కనిపిస్తే బీజాలున్నట్టు.

అవి ఉండి కూడా ఆకుపచ్చ రాకపోతే వేడి చాల్లేదు. స్లైడ్ మీద దానికంటే చిన్నగా కత్తిరించిన బ్లాటింగ్ కాగితం పరచి, 5 శాతం మాలకైట్ గ్రీన్‌తో తడిపి, మరిగే నీళ్ల బీకర్ మీద 5 నిమిషాలు ఆవిరి పట్టండి. ఆరుతుంటే రంగు చుక్కలు కలుపుతూ ఉండాలి. తర్వాత స్లైడ్‌ను చల్లారనివ్వండి, వేడి గాజు మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది. అర నిమిషం నీళ్లతో కడిగి సాఫ్రనిన్ అర నిమిషం. ఇక్కడ డీకలరైజర్ నీళ్లే. మొత్తం ఆకుపచ్చగా వస్తే కడగడం చాల్లేదని అర్థం.

ప్రశ్న: కంఠసర్పి (డిఫ్తీరియా) అనుమానంతో వచ్చిన గొంతు స్వాబ్‌లకు ఆల్బర్ట్ స్టెయిన్ వేస్తాం. ఆకుపచ్చ కడ్డీలు వస్తాయి కానీ నల్లటి గ్రాన్యూల్స్ (కణం లోపలి గింజలు) కనపడవు. ఎందుకు?
– పీజీ విద్యార్థి, నల్లకుంట

జవాబు: రెండు కారణాలు. ఒకటి, రెండో సీసాలోని అయోడిన్ పాతబడటం. గ్రాన్యూల్స్‌కు నలుపు తెచ్చేది అదే. 2 గ్రా. అయోడిన్, 3 గ్రా. పొటాషియం అయోడైడ్, 300 మి.లీ. నీళ్లతో కొత్తది చేసుకోండి. మొదటి ద్రావణం 5 నిమిషాలు, నీళ్లతో కడగకుండా వంచి పారబోసి, అయోడిన్ 1 నిమిషం. రెండో కారణం మీడియా. లోఫ్లర్ సీరం స్లోప్ మీద రాత్రంతా పెరిగిన కల్చర్‌లో గ్రాన్యూల్స్ పుష్కలం, బ్లడ్ అగర్ మీద అంతగా ఏర్పడవు. ఇంకా స్వాబ్ స్మియర్‌లో గ్రాన్యూల్స్ కనిపించినా అది నిర్ధారణ కాదు. గొంతులో నిరపాయకరమైన డిఫ్తీరాయిడ్లూ అలాగే ఉంటాయి. రిపోర్టులో ‘కంఠసర్పి బ్యాక్టీరియాను పోలినవి’ అని మాత్రమే రాసి వార్డుకు ఫోన్ చేయండి. విషం తయారు చేస్తుందా లేదా అన్నది ఎలెక్ పరీక్షలో తేలాలి, యాంటీటాక్సిన్ ఇవ్వడానికి డాక్టర్లు దానికోసం ఆగరు, ఆగకూడదు కూడా.

ప్రశ్న: క్లెబ్సియెల్లా క్యాప్సూల్ స్టెయిన్‌లో క్యాప్సూల్ ఎప్పుడూ రాదు.
– ఎమ్మెస్సీ విద్యార్థులు, తార్నాక

జవాబు: ఫిక్స్ చేస్తున్నారు, నీళ్లతో కడుగుతున్నారు. ఈ రెండూ మానండి. క్యాప్సూల్ నీటితో నిండిన మెత్తటి పొర, వేడికి ముడుచుకుపోతుంది, నీళ్లకు కరిగిపోతుంది. వెన్న తీసిన పాలలో పెంచిన కల్చర్‌ను స్మియర్ చేసి గాలికి ఆరబెట్టి, 1 శాతం క్రిస్టల్ వయొలెట్ 2 నిమిషాలు వేసి, 20 శాతం కాపర్ సల్ఫేట్‌తో కడిగి అద్దండి. ఊదా నేపథ్యంలో కణం చుట్టూ పాలిపోయిన వలయం కనిపిస్తుంది.

ప్రశ్న: మైక్రోస్కోపు 40 లెన్స్‌లో చక్కగా కనిపిస్తుంది, 100కు మారిస్తే అంతా మసక. ఎంత తిప్పినా ఫోకస్ రాదు. లెన్స్ పాడైందా?
– అంబర్‌పేట

జవాబు: ముందు స్లైడ్ తిరగబడి ఉందేమో చూడండి, స్మియర్ కిందివైపు ఉంటే 100 లెన్స్ ఎప్పటికీ ఫోకస్ కాదు. గోటితో గీకి చూస్తే స్మియర్ ఏ వైపుందో తెలుస్తుంది, అంచు చాలు. అది సరిగ్గా ఉంటే కండెన్సర్ పైకి ఎత్తి, డయాఫ్రమ్ తెరవండి, ఆయిల్‌లో బుడగలు లేకుండా చూడండి. తర్వాత 40కి వెనక్కి తిప్పే అలవాటు మానండి. అది పొడి లెన్స్, స్లైడ్‌కు దగ్గరగా ఉంటుంది, ఆయిల్‌లో దిగుతుంది. రేపు 40 కూడా మసక అని రాస్తారు.

ప్రశ్న: చేతులకు అంటిన క్రిస్టల్ వయొలెట్ పోవడం లేదు. ఇంకా, స్టెయినింగ్ వ్యర్థాలన్నీ ఒకే డబ్బాలో హైపోక్లోరైట్ పోసి పారబోయవచ్చా?
– ఒక ల్యాబు సహాయకురాలు, బోడుప్పల్

జవాబు: 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి సబ్బుతో కడగమ్మా, రెండు మూడు రోజుల్లో పోతుంది. బ్లీచ్, యాసిడ్ చర్మం మీద వాడొద్దు. ఈసారి గ్లవ్స్ వేసుకో.

వ్యర్థాలు ఒకే డబ్బాలో అస్సలు వద్దు. సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉన్న డబ్బాలో హైపోక్లోరైట్ పోస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, చిన్న గదిలో ఊపిరి ఆడదు. యాసిడ్, ఫీనాల్ ఉన్న స్టెయిన్ నీళ్లకు ఒక డబ్బా, చూసేసిన స్లైడ్లకు 1 శాతం హైపోక్లోరైట్ ఉన్న మరో డబ్బా పెట్టి, రెండింటి మీదా పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించండి. క్రిమిరహితం చేశాక స్లైడ్లు గాజు వ్యర్థాల నీలం పెట్టెలోకి పోతాయి. తెమడ శాంపిల్ డబ్బాలు వేరు, అవి ఆటోక్లేవ్ అయ్యాకే బయటికి వెళ్లాలి. ఇప్పటికే రెండూ కలిసిన డబ్బా ఉంటే మూత తీయకుండా కిటికీలు తెరిచి, మీ ఇన్‌ఛార్జికి చెప్పండి.